చావడి గోడ మీద ఇర్రి బొమ్మ

రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి, కొన్నాళ్లు నాందేడ్ కింద ఉండి, చివరికి మా చాందా జిల్లాలో కలిసింది. ఆ తర్వాత వచ్చిన తొలి చలికాలంలో నన్ను ఆ తాలూకాకు పంపారు. అప్పుడు నేను అటవీ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. అడవుల పటాలు గీసి సరిహద్దులకు రంగులు వేయడం నా పని. హోదాలో గుమాస్తాకు ఒక మెట్టు కింద, జవానుకు ఒక మెట్టు పైన. జంతువుల బొమ్మలు వేస్తానని ఆఫీసంతటికీ తెలుసు. పైగా మాది చాందా బజారులో దుకాణం నడిపే తెలుగు కుటుంబం. ఈ రెండు కారణాల వల్ల ఆ పని నా నెత్తిన పడింది.

కొత్త రాష్ట్రంతో పాటు కొత్త వేట నిబంధనలు వచ్చాయి. ఏ జంతువులను అనుమతి లేకుండా చంపకూడదో ఊళ్లకు తెలియజేయాలి. అక్కడ పాత కాగితాలు ఉర్దూలో ఉండేవి, కొత్తవి మరాఠీలో వస్తున్నాయి, జనం మాట్లాడేది తెలుగు. చదవగలిగినవాళ్లు ఏ భాషలోనూ ఎక్కువమంది లేరు. అందుకని జిల్లా అడవులకు పెద్ద అయిన డివిజనల్ ఆఫీసరు చావడి గోడల మీద బొమ్మలు వేయించమన్నారు. పన్నెండు ఊళ్లు, ఊరికి ఆరు జంతువులు.

పద్ధతి తేలికే. చిన్న నమూనా మీద గళ్లు గీయాలి. సున్నం కొట్టిన గోడ మీద అన్నే గళ్లు పెద్దవిగా గీయాలి. ఒక్కో గడిలోని గీతను పెద్ద గడిలోకి ఎక్కించాలి. నమూనాలు ఆఫీసులోని ఒక పాత వేట పుస్తకంలోవి. వేటగాళ్ల కోసం వేసిన పుస్తకం కనుక అందులో అన్నీ కొమ్ములున్న మగవే. నాకూ అవే ఇష్టం. మగ కృష్ణజింకను ఆ వైపు ఇర్రి అంటారు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. దాన్ని వేసే వీలుండగా కొమ్ములు లేకుండా మట్టిరంగులో ఉండే ఆడదాన్ని, లేడిని, ఏ చిత్రకారుడు వేస్తాడు? నేనైతే వేయలేదు.

పని చేస్తున్నంతసేపూ వెనక పదిమంది నిలబడేవారు. ఎలుగుబంటి గోళ్లు పొట్టిగా ఉన్నాయని ఒకాయన, కణుజు మెడ సన్నమైందని ఇంకొకాయన. మెచ్చుకుంటే నా చెవికి బాగా వినిపించేది. తప్పు పడితే రంగు కలుపుకుంటూ కూర్చునేవాణ్ని.

విరూర్ స్టేషన్‌లో దిగి రెండు కోసులు నడిస్తే వచ్చే ఒక ఊళ్లో పోశవ్వ అనే పెద్దావిడ గడ్డిమోపు దించుకుని చాలాసేపు చూసింది.

"ఇర్రిని మంచిగ దించినవ్ బిడ్డా. దీని పెంటి ఏది?" అని అడిగింది. పెంటి అంటే ఆడది.

జాగా లేదవ్వా అన్నాను. జాగా ఉండేది. కొమ్ములు పొడుగ్గా వేసి దాన్ని నేనే నింపాను. ఆవిడ మోపెత్తుకుని వెళ్లిపోయింది.

నెలన్నర తర్వాత ఆవిడ కొడుకు మల్లయ్య తన జొన్నచేలో పడ్డ లేడిని కాల్చాడు. మూతి నుంచి మందు కూరి పేల్చే భర్మారు తుపాకీ అది. పంట కాపలాకని పాత సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉంది. దాచాలని కూడా అనుకోలేదు, లేడిని తెచ్చి చావడి ముందే దించాడు. కొత్త నిబంధన మగదానికే కాదు, ఆడదానికీ వర్తిస్తుంది. అటవీ గార్డు చూశాడు. గార్డుల పై అధికారి అయిన రేంజరు తుపాకీ జప్తు చేసి, లైసెన్సు రద్దు చేయాలని, కేసు పెట్టాలని రాశారు. మల్లయ్య చేను అడవి అంచున ఉంది. తుపాకీ పోతే అందులో పంట దక్కదు. కేసు రుజువైతే జైలు.

రాజురా బంగళాలో విచారణ. డివిజనల్ ఆఫీసరు స్వయంగా వచ్చారు. నేను సాక్షిని, దుబాసీని కూడా. ఫలానా తేదీన ఫలానా జంతువు బొమ్మను గోడ మీద స్పష్టంగా వేశానని రేంజరు మరాఠీలో రాయించి తెచ్చారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సంతకం పెడితే చాలు. పాత నిజాం ప్రాంతం నుంచి వచ్చిన ఉద్యోగులనూ మమ్మల్నీ కలిపి సీనియారిటీ జాబితాలు తయారవుతున్న రోజులవి. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ. పర్మనెంట్ చేయవలసినవారి పేర్లు ఆ నెలలోనే పైకి వెళ్లాలి.

ఎందుకు కాల్చావని అడిగితే మల్లయ్య తడుముకోలేదు. "మొగదాన్ని కొట్టద్దని మాకెర్కనే సాబ్. నిజాం జమానల సుత కొమ్ములది దొరల షికారుకే. మేం ముట్టకపోయేటోళ్లం. పెంటి చేన్ల పడితె కొట్టుకునేటోళ్లం, ఎవ్వరు అడగకపోయేటోళ్లు. గోడ మీద గదే బొమ్మ గీసిండ్రు. కొత్త సర్కారు సుత గదే అంటుందనుకున్నం."

గోడకానుకుని నిలబడ్డ పోశవ్వ నా వైపు చూసి, "నేనడిగితి గద బిడ్డా" అంది.

ఆఫీసరు ఆవిడ ఏమన్నదని నన్ను అడిగారు. ఆ గదిలో రెండు భాషలూ సరిగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఏదో గొణిగింది సార్ అంటే అక్కడితో అయిపోయేది. అలా అందామని నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గేసింది. ఆవిడ అడిగిన మాట, నేను చెప్పిన జవాబు, గోడ మీద జాగా ఉన్న సంగతి, మూడూ మరాఠీలో చెప్పాను. రేంజరు తెచ్చిన కాగితం పక్కన పెట్టించి, ఆఫీసరు నా వాంగ్మూలం తన చేత్తోనే రాసుకున్నారు.

లైసెన్సు రద్దు కాలేదు, కేసు పెట్టలేదు. నా సర్వీసు పుస్తకంలో పనిలో అజాగ్రత్త అని ఒక వాక్యం చేరింది. పర్మనెంట్ ఆర్డరు ఏడాదిన్నర ఆలస్యమైంది. పన్నెండు ఊళ్లకూ మళ్లీ వెళ్లి ఆడవాటిని వేసి రమ్మన్నారు.

తుపాకీ మాత్రం వెంటనే రాలేదు. లైసెన్సుల రిజిస్టరు పాత జిల్లా నుంచి కొత్త జిల్లాకు ఇంకా చేరలేదు. అది వచ్చేదాకా జప్తు చేసిన వస్తువును వదలడానికి వీల్లేదన్నారు.

ఆ ఊళ్లో లేడి బొమ్మ వేసిన రోజున నా వెనక ఎవరూ నిలబడలేదు. పని ముగించి, పోశవ్వకు చూపిద్దామని చేను దాకా వెళ్లాను. తుపాకీ లేదు కనుక తల్లీకొడుకులు రెండు గట్ల మీద నిలబడి డబ్బాలు కొడుతున్నారు. అడవి వైపు సగం చేలో జొన్న మోళ్లే మిగిలాయి.

వచ్చి చూడమన్నాను. "బొమ్మ మంచిగనే ఉంటది బిడ్డా. చేను ఇడిసిపెట్టి నేనెట్ల రావాలె?" అంది, డబ్బా ఆపకుండా. ఆ మాటలో కోపం లేదు.

వేయకుండా వదిలినదాన్ని కూడా జనం చదువుతారని, తమకు తెలిసిన పాత పద్ధతితోనే చదువుతారని అక్కడ తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి ఊళ్లో రంగు ఆరకముందే వెనక ఉన్నవాళ్లను పిలిచి, ఈ గోడ ప్రకారం ఏ జంతువును కొట్టవచ్చో చెప్పమని అడిగేవాణ్ని. వాళ్ల జవాబు తప్పయితే గోడకు మళ్లీ సున్నం కొట్టించేవాణ్ని.