మా అత్త వినని చరణం

నాన్న మా ఆఫీసుకు ఫోన్ చేసి "అత్త ఇక లేదమ్మా" అన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మరి ఆదివారం కొత్తగూడెం?"

ఆదివారం నేను అత్తను కొత్తగూడెం తీసుకెళ్ళాలి. అక్కడ రిటైరైన లైబ్రేరియన్ ఒకాయన ఇంట్లో పాత జానపద గేయాల పుస్తకాలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయని ఎవరో చెప్పారు. నాన్న "జల్దీ రా" అని పెట్టేశాడు. ఖానాపురం హవేలికి వచ్చే షేర్ ఆటోలో కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఆ లైబ్రేరియన్‌కు మేం రావడం లేదని ఎలా చెప్పాలి, ఏమని చెప్పాలి అన్నదే ఆలోచన. మనిషి పోతే ముందు దుఃఖం వస్తుందనుకుంటాం. నాకు ముందు అయోమయం వచ్చింది. అది ఇంకా పోలేదు, ఈ నాలుగు మాటలూ ఆ అయోమయంలోంచే రాస్తున్నాను.

అత్త అంటే మేనత్త, నాన్నకు అక్క. ఊరూరా తిరిగి పాఠాలు చెప్పి, చివరికి ముదిగొండలో టీచరుగా రిటైరైంది. మామయ్య పోయాక నాన్న వెళ్ళి, "ఇది నీ పుట్టిల్లే అక్కా" అని మా ఇంటికి తీసుకొచ్చాడు. పిల్లలు లేరు. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నది రెండు పెట్టెల బట్టలు, ఒక గుడ్డ సంచి. ఆ సంచిలో కళ్ళజోడు, చీకటి బీరువాల్లోకి చూడటానికి చిన్న టార్చిలైటు, దారిలో తినడానికి పల్లీపట్టీ. "పద" అంటే చాలు, సంచి భుజాన పడేది.

ఎక్కడికి పదా అంటే, ఒక పుస్తకం కోసం. ఆ పుస్తకం పేరు అత్తకు తెలియదు. వేసినాయన పేరూ తెలియదు. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు వేంసూరు దగ్గర మా ఊరికి పాటలు రాసుకునే ఆయన ఒకరు వచ్చాడట. కళ్ళద్దాలకు ఒక వైపు కాడ లేక దారంతో చెవికి కట్టుకున్నాడట. నాయనమ్మ ఆయనకు పాటలు పాడింది. ఆయన రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ పాటలు పుస్తకంగా వచ్చాయని తర్వాతెప్పుడో విన్నారు, చూసినవాళ్ళు లేరు. దారం కట్టిన కళ్ళద్దాలను పట్టుకుని పుస్తకం ఎలా వెతుకుతారో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్తకు కావలసింది పుస్తకమంతా కాదు, ఒక్క చరణం. మా ఇంటికి ఒక అప్పగింతల పాట ఉంది. నాయనమ్మకు వాళ్ళ అమ్మ దగ్గర నుంచి వచ్చింది. దాని ఆఖరి చరణం ఆడపిల్ల అత్తారింటికి వెళ్తూ గడప దాటేటప్పుడే పాడాలి. ఊరికే పాడితే ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్ళిపోతారని భయం. మిగతా చరణాలు అత్త బియ్యం ఏరుకుంటూ కూడా కూనిరాగం తీసేది, ఆఖరిదానికి వచ్చేసరికి ఆగిపోయేది. నాయనమ్మకు ఒక్కతే కూతురు కాబట్టి మా ఇంట్లో ఆ చరణం ఒక్కసారే పాడారు, అత్త పెళ్ళికి.

"మరి నీకోసమే పాడారుగా, నువ్వు వినలేదా?" అన్నాను ఒకసారి.

"యాడ విన్ననే? ఏడుస్తున్న. ఇంత గట్టిగ ఏడిస్తే ఇంకేం ఇనబడ్తది? అమ్మ చెయ్యి నా నెత్తి మీద ఉన్నదొక్కటే యాదికుంది." అని నాన్న వైపు తిరిగింది. "నువ్వన్న ఇన్నవారా?"

"నేను బూందీ కాడ ఉన్న అక్కా" అన్నాడు నాన్న. ఈ జవాబు మా ఇంట్లో ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చినప్పుడల్లా అత్త ఆయన నెత్తిన మొట్టేది.

నాకొక సందేహం ఉండేది. ఇంట్లో పాడకూడని చరణాన్ని నాయనమ్మ ఆ రాసుకునే ఆయనకు ఎలా పాడుతుంది? అత్త దగ్గర దీనికి సిద్ధంగా సమాధానం ఉంది. "అందుకే గదనే నన్ను మజ్జిగ తెమ్మని బయటికి పంపింది. నేను ఇంట్ల లేకుంటే పాడొచ్చు." టీచరమ్మ తర్కం.

సెలవు రోజొస్తే మా ఇద్దరికీ తిరుగుడే. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. పెళ్ళిచూపులకంటే పాత లైబ్రరీలకే ఎక్కువ వెళ్ళానని అమ్మ సణిగేది. జానపద గేయాల పుస్తకాలన్నిటికీ దాదాపు ఒకటే పేరు. సగానికి అట్టలుండవు, ముందు పేజీలుండవు. రిజిస్టరులో పుస్తకం ఉంటుంది, బీరువాలో ఉండదు. బీరువాలో ఉన్నది రిజిస్టరులో ఉండదు. అత్త ఏ పుస్తకం తీసినా ముందు వాసన చూసి, తర్వాత చివరి పేజీ తిప్పేది. "పాత పుస్తకానికి ముఖం ఎప్పుడో పోయి ఉంటదే. వీపు చూస్తెనే ఏ ఊరిదో చెప్తది."

ఖమ్మంలో పాత కాగితాలు కొనే దుకాణం భాయ్‌కి ఆమె ఒక కాపలా అప్పజెప్పింది. ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని, "మేడం, మీ పుస్తకం నా కాడికొస్తే పొట్లాలు కట్టనియ్య" అన్నాడు.

"చూడకుండ కట్టిస్తే?"

"గట్లయితే పొట్లం ఇప్పి తెస్త."

అన్నట్టే ఒకరోజు బజ్జీల నూనె కారుతున్న కాగితం ఒకటి తెచ్చాడు. మీద రెండు చరణాల కోతల పాట. మాది కాదు. అయినా అత్త దానికి ముగ్గుపిండి అద్ది, బరువు పెట్టి, నూనె లాగించి దాచుకుంది. మాది కానిది ఎందుకు దాచడమని అడిగాను. "ఎవరిదో ఒకరిది గదే" అంది.

పుస్తకం చివరికి దొరికింది. భద్రాచలం అవతల అడవిలో పనిచేస్తున్న అత్త పాత శిష్యురాలు ఒకామె ఫోన్ చేసింది. ఒక కోయవాళ్ళ ఇంట్లో పాటల పుస్తకం ఉంది, అందులో ఫొటోలు కూడా ఉన్నాయంది. బస్సులో భద్రాచలం వెళ్ళి, అక్కడి నుంచి జీపులో వేలాడుతూ, ఆ తర్వాత నడిచి వెళ్ళాం. వాకిళ్ళ నిండా ఇప్పపూలు ఎండబోశారు. తలకు కొంగు చుట్టుకున్న ఇంటామె అత్త వయసుదే. లోపల వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుని, అటక మీది నుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. చేతికి మాత్రం ఇవ్వలేదు.

"ఇయ్యనమ్మ. మా అమ్మ ఫొటో ఉన్నది ఇందుల. వేరే ఫొటో లేదు మాకు."

"ఇయ్యొద్దు తల్లీ. నీ ఒళ్ళెనే పెట్టుకో, నేను చూస్త" అంది అత్త.

ఆమె ఒడిలో పుస్తకం, అత్త పక్కన కూర్చుని పేజీలు తిప్పడం. వాళ్ళ అమ్మ ఫొటో వచ్చినప్పుడు ఇద్దరూ ఆగారు. ఫొటోలో మనిషి తల వంచి నవ్వుతోంది. ఇంకొన్ని పేజీల తర్వాత మా ఊరి పేరు, దాని కింద నాయనమ్మ పేరు, అచ్చులో. అత్త ఆ అక్షరాలను వేలితో తడిమింది. పాట మొదటి నుంచి పెదాలు కదుపుతూ చదువుకుంటూ పోయింది. ఆఖరి చరణం దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత నా వైపు తిప్పింది.

"వడ్లు దంపితే బియ్యం తెల్లన, చెరిగి చూస్తే చేట చల్లన" అని ఉంది.

"ఇదేందే? పిల్ల గడప దాటుతుంటే వడ్లు దంచుడేంది? ఇది దంపుళ్ళ పాట తోక గదా!"

అచ్చువాళ్ళ తప్పేమో అన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ళు వెతికిన పుస్తకం ఎదురుగా ఉంది, అందులో కావలసింది లేదు. సంతోషపడాలో బాధపడాలో తెలియక ఇద్దరం ఆ ఇంటామె ఇచ్చిన అంబలి తాగి లేచాం.

నాయనమ్మతో జోడీగా వంత పాడిన ఆమె ఒకరు వేంసూరులో ఇంకా ఉంది. నాన్న ఆమెను పిన్నీ అంటాడు. మరుసటి వారమే అక్కడికి వెళ్ళాం. సంగతంతా విని ఆ ముసలామె బోసినోటితో పకపకా నవ్వింది.

"మీ అమ్మ ఆయన్ని ఏమార్చిందే. నిన్ను మజ్జిగకని పంపింది, నువ్వెళ్ళావా? తడిక ఎనకాలే నిలబడ్డావు. కింద నీ కాళ్ళు కనబడుతున్నాయి. ఆఖరి చరణం ఎత్తబోయి ఆ కాళ్ళు చూసింది. ఇంట్లో పిల్లని పెట్టుకుని ఎట్టా పాడుద్ది? గబుక్కున దంపుళ్ళ పాట తోక తగిలించేసింది. నేను నవ్వాపుకోలేక సచ్చాననుకో."

"నేను నిలబడ్డనా?" అంది అత్త. ఆమెకు గుర్తు లేదు.

"నిలబడ్డావు. మట్టి కాళ్ళు."

అత్త చాలాసేపు తన పాదాల వంకే చూసుకుంది. తర్వాత, "ఇప్పుడు పాడు చిన్నమ్మా. నీకు వచ్చుగదా" అంది.

"వచ్చు. ఇప్పుడు నువ్వెక్కడికి ఎళ్తన్నావని పాడను?" అని ఆమె వక్కాకు నోట్లో పెట్టుకుంది. అంతే, మాట అయిపోయింది.

బస్సులో అత్త నవ్వింది, వెంటనే ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. నేను దేనికి తోడు రావాలో తెలియక పల్లీపట్టీ ఇచ్చాను. "మా అమ్మ నాకోసం పుస్తకంల అబద్ధం రాయించిందే" అంది, పట్టీ కొరుకుతూ. ఇక వెతుకులాట అయిపోయిందనుకున్నాను. తెల్లారి టీ తాగుతూ, "ఆ పుస్తకానికి రెండో ముద్రణ ఉంటదంటవా?" అంది. నాకు నిజంగా కోపం వచ్చింది. ఏం ఉంటుందత్తా రెండో ముద్రణలో, పాడనే పాడనిది ఎవరు వేస్తారని కసిరాను. "చూడకుండ లేదనొద్దే" అంది నెమ్మదిగా. ఆ కొత్తగూడెం ప్రయాణం కూడా అందుకే. ఆమెకు ఇంకేం కావాలో నాకు అర్థం కాలేదు. చరణం కావాలా, వెతుకుతున్నంతసేపూ వాళ్ళ అమ్మ దగ్గర ఉన్నట్టుండేదా? అడగాలనుకుంటూనే ఉన్నాను.

అత్తను తీసుకెళ్ళే వేళకు మా వాకిలి నిండిపోయింది. కాగితాల భాయ్ గేటు దగ్గరే నిలబడ్డాడు, చెయ్యి గుండె మీద పెట్టుకుని. పాడె లేపబోతుంటే వేంసూరు ముసలామె ఆటో దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఆగండి" అంది. గడప దగ్గర పాడె ఆగింది. ఆమె వంగి, అత్త నెత్తి మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టింది. పెదాలు కదిలాయి. వీధిలో డప్పులు మోగుతున్నాయి. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు సరిగ్గా అప్పుడే తన్నుకొచ్చింది. ఎంత గట్టిగా ఏడ్చానంటే నా గొంతు తప్ప నాకేమీ వినపడలేదు. ముందు కుండ పట్టుకుని నిలబడ్డ నాన్న కూడా ఏమీ వినలేదట. ఆ ముసలామె ఏం చేసిందో నాకు అందరూ వెళ్ళిపోయాకే తట్టింది.

సాయంత్రం స్నానాలయ్యాక నాన్న మధ్య గదిలో ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "పిన్నీ, మా అక్కకు ఏం పాడినవ్? ఒక్కసారి చెప్పు" అన్నాడు, చిన్నపిల్లాడిలా. నేను పరదా వెనక నిలబడ్డాను. ఆమె నాన్న తల నిమిరింది, గొంతు సవరించుకుంది. ఒక రాగం మొదలైంది, అత్త బియ్యం ఏరుకుంటూ తీసిన రాగమే. తర్వాత ఆగింది. పరదా సందులోంచి చూస్తున్నాను. ఆమె చూపు మెల్లగా కిందికి దిగి, పరదా అంచు దగ్గర ఆగింది. అక్కడ నా కాళ్ళున్నాయి.

"వడ్లు దంపితే బియ్యం తెల్లన" అని ఎత్తుకుంది ముసలామె.