పెద్ద మేడం తడిబట్ట

అసూయ గురించి పాఠం చెప్పేటప్పుడు పెద్ద మేడం గొంతు చల్లగా ఉంటుంది. అది అందరికీ వచ్చేదే, వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు, వచ్చిందని ఒప్పుకుంటే సగం బరువు దిగుతుంది అని ఆవిడ ఏళ్ల తరబడి విద్యార్థులకు చెబుతూ వచ్చింది. తనదాకా వచ్చేసరికి మాత్రం దానికి వేరే పేర్లు పెట్టింది. ప్రమాణాలంది, క్రమశిక్షణంది, ఈ తరంవాళ్ల తొందరపాటంది. అసూయ అన్న ఒక్క మాట తప్ప నిఘంటువంతా వాడేసింది.

ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాయదు, మాటలతో వైద్యం చేస్తుంది. గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసి ఉంటాయి, చూపు తప్పించుకోవాలనుకునే మనిషికి కిటికీ దొరికేలా. గడియారం రోగి తల వెనక గోడకు ఉంటుంది, టైము చూస్తున్నట్టు ఎదుటివాళ్లకు తెలియకుండా. ఇవన్నీ ఆవిడ ఏర్పాట్లే. కుర్చీ కాలు జానెడు జరిగినా ఊడ్చే ఆవిడను పిలిచి సర్దించేది.

ఉద్యోగ జీవితంలో మంచి భాగమంతా ఒకే ప్రశ్న మీద పెట్టింది. జ్వరంలా వచ్చి పోయే జబ్బులు కొన్ని ఉంటాయి. అలా కాకుండా మనిషి తీరే ఒక మూసలో బిగుసుకుపోయి, తనకూ తనవాళ్లకూ బతుకు నరకం చేసేవి కొన్ని ఉంటాయి. వాటిని వ్యక్తిత్వ రుగ్మతలంటారు. అలా బిగుసుకుపోయిన మనసుకు వంగడం నేర్పగలమా అన్నదే ఆవిడ పరిశోధన. పుస్తకాల్లో దాన్ని మానసిక సరళత అంటారు. బాధ లోపల ఉన్నా దాన్ని ఉండనిచ్చి, తనకు ముఖ్యమైన పని తాను చేసుకుపోగలగడం. అది నేర్పే పద్ధతిని ఆవిడే తయారుచేసింది, పుస్తకమూ ఆవిడే రాసింది.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పద్ధతి మంచిదని రుజువు కావాలంటే అది ఒక్క చేతిలోనే పనిచేస్తే చాలదు. రెండో చెయ్యి కావాలి. ఆ రెండో చెయ్యి చిన్న మేడం.

చిన్న మేడం ఒకప్పుడు ఆవిడ దగ్గర ట్రైనీ. మొదట్లో తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మనేదాకా వచ్చేది కాదు. ఇప్పుడు వరండాకు అటువైపు గది ఆ అమ్మాయిదే. రోగుల్ని ఇద్దరూ సగం సగం పంచుకున్నారు. పుస్తకం ఒకటే, పద్ధతి ఒకటే. కానీ పెద్ద మేడం గదిలోంచి జనం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చేవారు. ఎదురు గదిలోంచి నవ్వులు వినపడేవి.

ఆ నవ్వు వినపడ్డప్పుడల్లా పెద్ద మేడానికి ఒళ్లు మండేది. వ్యక్తిత్వ రుగ్మతలో నవ్వడానికి ఏముందని లోపల్లోపల సణుక్కునేది. ఒకరోజు ఒక రోగి తల్లి వచ్చి, "ఏమీ అనుకోకండి మేడం, మావాణ్ని ఆ గదిలోకి మార్చడం కుదురుతుందా" అని అడిగింది. పరిశోధనలో అలా మార్చకూడదమ్మా అని ఎంతో మర్యాదగా చెప్పి పంపించి, మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తీయలేదు.

ఇంట్లో ఆయన భూగోళం మాస్టారు. ఆవిడ తాళంచెవులు బల్ల మీద పెట్టిన చప్పుడును బట్టి వాతావరణం చెప్పేయగలడు.

"ఇవాళ చిన్న మేడం ఏం చేసిందేమిటి?" అన్నాడు.

"నేను ఆ అమ్మాయి పేరెత్తానా?"

"ఎత్తలేదు. అందుకే అడిగాను."

"గోడకి చెవులు ఆనించి వినాల్సిన ఖర్మ నాకేం లేదు. ఆ గొంతే అలాంటిది, వద్దన్నా వినపడుతుంది. ప్రతివాళ్లకీ అదే మాట. 'తడిబట్ట ఒంటి మీద ఆరబెట్టుకోకండి, తీగ మీద వేసి మీ పని మీరు చూసుకోండి.' కోపమొచ్చినా తడిబట్టే, భయమొచ్చినా తడిబట్టే. చికిత్స చేస్తోందో చాకిరేవు పెట్టిందో అర్థం కాదు."

"మాట బాగానే ఉందే," అన్నాడు మాస్టారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ రాత్రి ఆయన చప్పటి కూర మారు మాట్లాడకుండా తిన్నాడు.

చికిత్సలు ముగిశాక దిద్దుబాటు మొదలైంది. ఈ పనిలో ఒక ఆచారం ఉంది. రోగులతో చివరి సంభాషణలు వైద్యం చేయని మూడో మనిషి చేత జరిపించి టైపు చేయిస్తారు. వైద్యం చేసిందెవరో తెలిపే మాటలు తీసేస్తారు. రోగి వృత్తి, చుట్టరికాలు, ఊరు అన్నీ మార్చేస్తారు, ఎవరో పోల్చుకోవడానికి వీల్లేకుండా. అలా తయారైన కాగితాలను ఇద్దరు విడివిడిగా చదివి, ఈ మనసు ఎంత వంగింది అని మార్కులు వేస్తారు. ఇద్దరి మార్కులూ దగ్గరదగ్గరగా ఉంటే పరిశోధన నిలబడుతుంది. ఎడంగా ఉంటే చేసినదంతా బూడిదలో పోసినట్టే.

మార్కులు వేయడానికి ఒప్పుకున్నవాళ్లలో ఒకరు పెద్దాయన. పెద్ద మేడానికి చదువు చెప్పిన గురువు, రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. రెండో మనిషికి ప్రసవం ముందుగా వచ్చి సెలవు పెట్టేసింది. చిన్న మేడాన్ని అడిగితే, "మనం వైద్యం చేసినవాళ్ల కాగితాలు మనమే దిద్దితే ఎలా మేడం? బయటివాళ్ల కోసం ఆగుదాం," అంది. మాట న్యాయమైనదే. న్యాయం ఆ నోటినుంచి రావడమే పెద్ద మేడానికి పుండు మీద కారం చల్లినట్టయింది.

"పేర్లు కనపడవు కదా. నేను దిద్దుతాను," అంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి కాగితాలు పరిచింది. నిజం చెప్పాలంటే నిజాయితీగానే మొదలుపెట్టింది. కొన్ని అలాగే దిద్దింది కూడా. అప్పుడు ఒక వడ్రంగి కాగితం వచ్చింది. కొలత వెంట్రుకవాసి తప్పితే చేసిన బల్లను తానే విరగ్గొట్టే మనిషి. పనివాళ్లు నిలవలేదు, భార్య పుట్టింటికి పోయింది. చివర్లో అతను ఇలా అన్నాడు: "మొన్న కొత్త పనివాడు ఒక కాలు పొట్టిగా కోశాడండి. రంపం ఎత్తాను. దించేశాను. కోపం పోలేదు, అక్కడే ఉంది. తడిబట్టని ఒంటి మీద ఎందుకు ఆరబెట్టుకోవాలి అనుకున్నాను. తీగ మీద వేసి, వాడికి ఇంకో చెక్క ఇచ్చాను."

తడిబట్ట అన్న మాట దగ్గర పెద్ద మేడం పెన్ను ఆగింది. ఎదురు గదిలో నవ్వు ఆవిడ భోజనాల గదిలోకి వచ్చి కూర్చున్నట్టయింది. ఇతను చిన్న మేడం రోగి, ఇంకెవరు? 'మాట నేర్చుకున్నాడు, మనిషి మారలేదు' అని అంచున రాసి అట్టడుగు మార్కు వేసింది. ఆ వేసినప్పుడు గుండెలో చల్లగా, హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకే అనుమానం రావలసింది, రాలేదు. ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ ఎదురు గది వాసన కోసం వెతికింది. వాసన తగిలిన చోటల్లా మార్కులు కోసేసింది.

పరిశోధనలో మార్కుల లెక్కలు చూసే ఆయన అందర్నీ పిలిపించాడు. ఏ నంబరు ఎవరిదో ఆయన ఒక్కడికే తెలుసు. నవ్వు ముఖం ఎరగని మనిషి.

"మార్కులు కలవట్లేదు," అన్నాడు. "కొన్నిటిలో ఇద్దరూ ఒకటే. కొన్నిటిలో ఒకరు పైకి, ఒకరు పాతాళానికి. ఇలాగైతే పత్రం పంపలేం."

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా వల్లేమోనయ్యా. కంటికి పొర వచ్చింది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ముసలాణ్ని నమ్ముకుని ఈ అమ్మాయి కష్టం పాడైంది." ఈ అమ్మాయి అంటే పెద్ద మేడం. ఆయన దృష్టిలో ఆవిడ ఇంకా విద్యార్థే.

తప్పించుకునే దారి దానంతటదే తెరుచుకుంది. పెద్ద మేడం అందులో కాలు పెట్టింది కూడా. "ఆపరేషన్ అయ్యేదాకా మీకు ఇంత చదివే పని ఇవ్వకుండా ఉండాల్సింది సార్," అంది. గురువు మీద జాలి పడుతున్నట్టే ఉంది ఆ గొంతు. ఆయన తల వంచుకున్నాడు.

చిన్న మేడం అన్నిటికంటే తేడా ఎక్కువున్న కాగితం అడిగి తీసుకుని చదువుతోంది. చదువుతూ చదువుతూ ముఖం విప్పారింది.

"ఇతనెవరో గానీ మీ మాట పట్టుకున్నాడు మేడం."

"నా మాటా?"

"తడిబట్ట. నేను ట్రైనీగా ఉన్నప్పుడు ఒకాయన నన్ను నానా మాటలూ అని వెళ్లిపోతే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కదా. మీరొచ్చి పక్కన కూర్చుని చెప్పారు. స్కూలు బట్టలు తడిసొస్తే మీ అమ్మగారు అనేవారని. అప్పట్నుంచీ నేను అందరికీ అదే చెబుతున్నాను. మీకు గుర్తులేదా?"

పెద్ద మేడానికి మెట్లు గుర్తొచ్చాయి. వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డ తనూ, తువ్వాలు పట్టుకుని అరిచే అమ్మా గుర్తొచ్చారు. సొంత అమ్మ మాటను ఇన్నాళ్లూ పరాయి పిల్ల నోట విని పళ్లు కొరుక్కుంది.

"ఈ మార్కులు ఎలాగూ చెల్లవు కాబట్టి చూసినా తప్పులేదు," అని లెక్కలాయన తన కాగితం తిప్పాడు. "వడ్రంగి కాదు, టైలరు. పెద్ద మేడం, మీ రోగే."

టైలరు. కుట్టు ఒక పోగు పక్కకు పోతే చొక్కా మొత్తం చింపేసే మనిషి. అతన్ని ఆవిడ ఎంత ఓపికగా వంచుకుంటూ వచ్చిందో ఆ గదిలో కుర్చీలకు తెలుసు. అమ్మ మాట ఎప్పుడో తన నోటినుంచే అతని చెవిన పడి ఉంటుంది, తనే మరిచిపోయింది. కత్తెర ఎత్తి దించడం అతని బతుకులో చిన్న పని కాదు. ఆ పనికి ఆవిడ అట్టడుగు మార్కు వేసింది.

అప్పుడు కూడా నోరు మూసుకుని ఉండొచ్చు. పొరపాటు అంటే సరిపోయేది, ఎవరూ గుచ్చి అడిగేవాళ్లు లేరు. కానీ పెద్దాయన ఇంకా తల వంచుకునే ఉన్నాడు.

"సార్ కళ్లు బాగానే ఉన్నాయి," అంది పెద్ద మేడం. "నా కళ్లే మండాయి. ఇతను చిన్న మేడం రోగి అనుకుని తగ్గించి వేశాను. మిగతావీ అంతే. తెలిసే వేశాను."

లెక్కలాయన పెన్ను మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. చిన్న మేడం ముఖం ఎర్రబడింది.

"నేను మీకేం చేశానని మేడం?"

"ఏం చేయలేదు. నీ దగ్గర నవ్వుతారు."

"నా దగ్గర నవ్వుతారు, బాగుందంటారు, సగంలో మానేసి వెళ్లిపోతారు. మీ దగ్గర ఏడుస్తారు, మళ్లీ వస్తారు. మీ తలుపు ముందు కూర్చున్నవాళ్లని చూసి నేనెన్నిసార్లు కుళ్లుకున్నానో మీకు తెలీదు." కాగితం బల్ల మీద పెట్టేసింది. "కానీ నేను మార్కులు కొయ్యలేదు."

ఎంత సూటిగా చెప్పింది, తనైతే ఇంత బాగా చెప్పలేకపోయేది అనుకుంది పెద్ద మేడం. అనుకున్న మరుక్షణం, ఛీ, ఇప్పుడు దీనికి కూడానా అని తనమీద తనకే రోత పుట్టింది.

మార్కులన్నీ కొట్టేశారు. కాగితాలు వేరే ఆసుపత్రివాళ్లకు వెళ్లాయి. సదస్సులో చదవాల్సిన పత్రం ఆగిపోయింది, ఎందుకు ఆగిందో పత్రంలో రాయాల్సి వచ్చింది. ఆ వాక్యం ఆవిడే రాసింది. పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితే ఆయన టీ ఇచ్చాడు గానీ ఎప్పట్లా అమ్మాయ్ అని పిలవలేదు.

ఆ వారం టైలరు వచ్చాడు. చికిత్స అయిపోయినా అప్పుడప్పుడూ వచ్చి కూర్చుని పోతుంటాడు. ఎదురు గదిలోంచి నవ్వు వినపడింది. పెద్ద మేడానికి ఎప్పట్లాగే ఒళ్లు మండింది. ఏమీ తగ్గలేదు. లేచి తలుపు వేయబోయి, వేయకుండా వచ్చి కూర్చుంది.

వెళ్లేటప్పుడు టైలరు ఎప్పుడూ వేసే జోకే వేశాడు. "ఈసారి నాకు ఎన్ని మార్కులు మేడం?"

"మార్కులు వేసే పని నా దగ్గర్నుంచి తీసేశారండి."

"అయ్యో, ఎందుకు?"

ఆవిడ ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. ఆ కుర్చీ వేసింది అందుకే. తర్వాత అతని వైపే తిరిగింది.

"తడిబట్ట ఒంటి మీద ఆరబెట్టుకున్నాను."

టైలరు నవ్వలేదు. పని తెలిసినవాడిలా ఆవిణ్ని పైనుంచి కిందికి ఓసారి చూసి తలూపాడు.

"చాలా రోజుల్నుంచే అయ్యుంటుంది మేడం," అన్నాడు. "మీరు ఆ తలుపు వైపు చూసినప్పుడల్లా అనుకునేవాణ్ని."