ఎర్రా తెల్లా వైర్లు, టీచరమ్మ గొంతు

2022 వానాకాలం. ఒడిశాలోని బరంపురంలో పాత బస్టాండు దగ్గర నా కొట్టు. కేసెట్ ప్లేయర్ల రోజుల నుంచీ నాది ఇదే పని: యాంప్లిఫయర్లు బాగుచెయ్యడం, ఇళ్లల్లో స్టీరియోలు, హోమ్ థియేటర్లు బిగించడం. అస్కా నుంచి రామయ్యపట్నం దాకా నేను వైరు లాగని ఊరు తక్కువ. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. కానీ ఇప్పుడు చెప్పబోయేది నా తప్పుతో మొదలవుతుంది. భలే పని చేశానని మీసం మెలేసుకుంటూ వచ్చిన చోట చేసిన తప్పు అది.

కామేశ్వరమ్మ గారు తెలుగు మీడియం బడిలో పనిచేసి రిటైరయిన టీచరు. మా ఊళ్లో తెలుగువాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం మాత్రం చాలామందికి రాదు. అందుకని ఆవిడ ప్రతి ఆదివారం పొద్దున్న తన ఇంట్లోనే తెలుగు క్లాసు పెడతారు. హాలు నిండిపోయి పిల్లలు వరండాలో కూడా కూర్చుంటారు. పాత్రపూర్ వైపు నుంచి తొలి బస్సుకి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆవిడ డిక్టేషన్ చెబుతారు, వాళ్లు రాస్తారు. వరండా చివరి వాళ్లకి వినబడక "ఏటన్నారు టీచర్?" అని అరుస్తుంటే, ఆవిడ కూతురు ఉష ఒక మైకు కొంది. ఉష తల్లితోనే ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. ఇంట్లో టీవీకి పెట్టుకున్న యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు అప్పటికే ఉన్నాయి, బిగించింది నేనే. మైకు కూడా వాటికే కలపమంది.

మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నం. దాన్ని పెంచి పంపడానికి మధ్యలో మిక్సర్ అనే చిన్న డబ్బా పెట్టాలి. అక్కణ్ణుంచి యాంప్లిఫయర్‌కి రెండు దారులు. ఒకటి అనలాగ్, అంటే ఎర్రా తెల్లా పిన్నులుండే ఆర్‌సీఏ వైరు. అందులో శబ్దం కరెంటు రూపంలో ఉన్నదున్నట్టు పోతుంది. రెండోది డిజిటల్, ఆప్టికల్ కేబుల్. అందులో శబ్దాన్ని అంకెలుగా మార్చి వెలుతురుగా పంపుతారు. అవతల యాంప్లిఫయర్ ఆ అంకెల్ని విప్పి మళ్లీ శబ్దం చేస్తుంది.

ముందు ఎర్రా తెల్లా వైరే పెట్టాను. స్పీకర్లలో గుయ్యిమని హమ్ము. మెయిన్ కరెంటు వైరు పక్కనుంచే ఇదీ పోతోంది, ఆ కరెంటు ఇందులో దూరుతోంది. బయటి కరెంటు దూరకుండా తొడుగుండే మంచి షీల్డు వైరు తెచ్చి వేరే గోడమీంచి లాగితే పోయేదే. కానీ దానికి ఒక రోజు పని. ఆప్టికల్ అయితే రెండు నిమిషాలు, వెలుతురుకి హమ్ము అంటదు. సంచిలో కేబుల్ ఉంది, పెట్టేశాను. హమ్ము మాయం. మైకులో "హలో, హలో" అన్నాను. బ్రహ్మాండంగా ఉంది.

"సూశారా టీచరమ్మా, డిజిటల్ అంటే ఇదీ!" అని ఉపన్యాసం కూడా దంచి, ఆవిడిచ్చిన టీ తాగి వచ్చాను.

రెండు నెలలు తిరక్కుండా ఉష ఫోన్ చేసింది.

"అప్పారావు గారూ, ఆ మైకూ మిక్సరూ మిమ్మల్నొచ్చి పట్టికెల్లి ఎవరికైనా ఇచ్చెయ్యమంటంది అమ్మ. క్లాసు మానేస్తందట."

"అదేటమ్మా? ఏటైంది?"

"నోరు తిరగట్లేదండి అమ్మకి. సదువుతుంటే మాట సాగిపోతంది, మింగేస్తంది. పిల్లలు నవ్వుతన్నారు. పెద్దాసుపత్రిలో తలకి స్కాన్ తీశారు, ఏటీ లేదన్నారు. పక్షవాతం ఒస్తంది, మీకెవరికీ తెలీట్లేదంటది అమ్మ."

జీవితమంతా నోటితో పాఠం చెప్పిన మనిషికి నోరే పోతోందంటే ఎలా ఉంటుంది? నాకు మనసు బాగోలేదు. అయినా కొట్లో పని తెమలక వారం ఆలస్యంగా వెళ్లాను. గుమ్మంలోనే అందుకున్నారు టీచరమ్మ.

"ఏటి అప్పారావూ, రమ్మన్నది ఏ రోజు, నువ్వొచ్చింది ఏ రోజు? నీ కొట్టుకి మనిషిని పంపితే ఉన్నావని ఒకడు, అస్కా ఎల్లావని ఒకడు! సామాను అంటగట్టినప్పుడు మాత్రం పొద్దుగాల్నే దిగిపోతావు. పట్టికెల్లిపో, నా కళ్లముందు ఉంచకు!"

ఇలా ఎంతసేపో. నేను తలొంచుకుని నిలబడ్డాను. మొదట సిగ్గేసింది, తర్వాత అనుమానమేసింది. నోరు తిరగని మనిషి నన్ను ఇంత శుభ్రంగా, ఒక్క మాట మింగకుండా ఎలా దులిపేస్తున్నారు?

"టీచరమ్మా, కోప్పడకండి. ఇప్పుడు మీరు ఎక్కడా తడబడలేదు కదా?"

ఆవిడ ఆగిపోయారు. "అదేటో మరి. ఇంట్లో మాటాడితే ఈ తడబాటు రాదు. ఆదివారం క్లాసులోనే ఒస్తంది. బెదురేమో అన్నాడు డాక్టరు. ముప్ఫై ఏళ్లు పాఠం సెప్పినదాన్ని, పిల్లల్ని సూసి నాకు బెదురేటి?" అంటూనే కళ్లు తుడుచుకున్నారు.

"ఒక్కసారి మైకు ముందు సదవండి."

"నేను ముట్టను దాన్ని."

ఉష బతిమాలగా బతిమాలగా మైకు పట్టుకుని, మూడో తరగతి వాచకం తెరిచారు. మొదటి మూడు మాటలు బాగానే వచ్చాయి. నాలుగో మాట నుంచి సాగదీత మొదలైంది. తర్వాత ఒక అక్షరం రెండుసార్లు పలికారు, తర్వాత ఏకంగా ఆగిపోయారు. చూడలేకపోయాను.

"ఆపకండమ్మా, సదవండి" అంటూ, ఆవిడకి చెప్పకుండా యాంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించేశాను. స్పీకర్లు మూగబోయాయి. ఆవిడ తల ఎత్తకుండా చదువుతూ పోయారు. ఒక వాక్యం, రెండు, మూడు. ముత్యాల్లా వచ్చాయి. మెల్లగా వాల్యూమ్ పెంచాను. మళ్లీ తడబాటు. తగ్గించాను, పోయింది. మళ్లీ పెంచి, మైకు నా చేతిలోకి తీసుకుని నా కొట్టు అడ్రసు గడగడా చెప్పబోయాను. సగంలో నా నాలుకే మడతపడింది!

అప్పుడు అర్థమైంది. టీవీలో బొమ్మ ఒక పిసరు ఆలస్యంగా వస్తుంది. మనుషుల పెదాలకీ మాటకీ పొసగాలని యాంప్లిఫయర్‌లో డిలే అని ఒకటి పెడతాం, అంటే డిజిటల్ దారిలో వచ్చిన శబ్దాన్ని కాస్త ఆపి వదలమని. టీవీ బిగించిన రోజున అది పెట్టింది నేనే. మైకుని కూడా డిజిటల్ దారిలో కలిపేసరికి టీచరమ్మ గొంతూ ఆలస్యంగా వస్తోంది. సెకనులో చిన్న ముక్కే. పక్కన వినేవాళ్లకి తేడా తెలీదు. చెప్పేవాళ్లకి మాత్రం, తన మాట తన చెవికి లేటుగా పడితే నాలుక గందరగోళంలో పడుతుంది. ఎవరికైనా అంతే. నా "హలో" పొట్టి మాట గనక ఆ రోజు నాకేమీ తెలియలేదు. డిలే తీసేసి చూశాను. తడబాటు తగ్గింది, పూర్తిగా పోలేదు. అంకెలు చెయ్యడానికి, విప్పడానికి కూడా కొంత సమయం పడుతుంది కదా.

"అమ్మా, మీకు జబ్బు లేదు. తప్పు నాది. ఒక్క రోజు టైమివ్వండి" అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ఆ శనివారం కొట్టు మూసి వెళ్లాను. మొదటిరోజే చెయ్యాల్సిన పని అప్పుడు చేశాను. మంచి షీల్డు వైరు తెచ్చి, కరెంటు వైరుకి దూరంగా కిటికీ పైనుంచి లాగాను. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డుకి మార్చాను, అదీ హమ్ము రాకుండానే. మిక్సర్ నుంచి ఎర్రా తెల్లా పిన్నులు యాంప్లిఫయర్ అనలాగ్ ఇన్‌పుట్‌కి పెట్టి, డైరెక్ట్ మోడ్ నొక్కాను. అంటే మధ్యలో ఏ మార్పులూ చెయ్యకుండా శబ్దాన్ని నేరుగా స్పీకర్లకి వదిలెయ్యడం. టీవీకి మాత్రం డిజిటల్ దారే ఉంచాను, సినిమాకి అదే బాగుంటుంది. స్పీకరుకి చెవి ఆనించాను. హమ్ము లేదు. నా పని నాకే ముచ్చటేసింది.

సాయంత్రం టీచరమ్మ మైకు ముందు కూర్చున్నారు. ఒక పేజీ చదివారు. వాల్యూమ్ బాగా పెంచాను. రెండో పేజీ చదివారు. పుస్తకం మూసి కూతురి వైపు తిరిగారు.

"బాగానే ఉందే, ఉషా! నా నాలిక బాగానే ఉందే!"

ఉష తల్లి భుజంమీద తల పెట్టుకుంది. నేను స్క్రూడ్రైవర్లు సర్దుకునే వంకతో అటు తిరిగాను. ముప్ఫై ఏళ్లలో ఎన్నో సెట్లు పాడించాను గానీ, అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అప్పటినుంచి ఎవరైనా అనలాగ్ మంచిదా, డిజిటల్ మంచిదా అంటే, దాంతో ఏం చేస్తారని ముందు అడుగుతాను. కూర్చుని వినేదానికి డిజిటల్ హాయి. తన గొంతు అప్పటికప్పుడు తన చెవికి చేరాలంటే అనలాగ్. కొత్త సెట్టు బిగించాక నేను హలో అని వచ్చెయ్యను. వాడుకునే మనిషే కాసేపు వాడి, బాగుందన్నాకే సంచి సర్దుతాను.

ఆ సాయంత్రం వెళ్లబోతుంటే టీచరమ్మ ఆపారు. "తప్పు నీదన్నావు కదా? రేపు క్లాసుకి రా. డిక్టేషన్ రాయాలి, అదే నీకు శిక్ష."

నవ్వేద్దామనుకున్నాను, నవ్వు రాలేదు. "నాకు తెలుగు అచ్చరం రాదమ్మా. సదివింది ఒడియా మీడియం."

ఆవిడ నవ్వలేదు. "అయితే పెందలాడే రా. ముందు వరసలో కూకో."

కూర్చున్నాను, పిల్లల మధ్య, పలక పట్టుకుని, ఆవిడ గొంతు స్పీకర్లలో ఖంగుమంటుంటే. మీరు చదువుతున్న ఈ కాగితాలు నేను ఎవరిచేతా రాయించుకోలేదు, నా చేత్తో నేనే రాశాను.