ఛాతీ ఎత్తు బల్ల

ఆ వీధిలో వాచీలు బాగుచేసే ఆయన్ని అందరూ ‘ఒక్కనిమిషం’ అనేవాళ్ళు. ఎవరొచ్చి ఎప్పుడిస్తారని అడిగినా, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే “ఒక్క నిమిషం” అనేవాడు. ఆ నిమిషం కొందరికి వారం సాగేది. అయినా జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. వేరేచోట చేతులెత్తేసిన వాచీ కూడా ఆయన దగ్గర నడిచి తీరాల్సిందే. అందులోనూ హెయిర్ స్ప్రింగు పనికి ఆయన పెట్టింది పేరు. వెంట్రుకంత సన్నటి ఆ తీగచుట్ట ఒకసారి మెలికపడిందంటే, దాన్ని మళ్ళీ గుండ్రంగా సర్దడం అందరివల్లా అయ్యే పని కాదు.

నిజానికి ఆయనవల్లా కాదు. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అలాంటి స్ప్రింగుతో తల ప్రాణం తోకకొచ్చి, విసుగ్గా ఇంటికి తెచ్చి గూట్లో పడేశాడు. మర్నాడు చూస్తే అది చక్కగా సర్దుకుని ఉంది. ఆయన భార్య చేసిన పని అది. “ఊరికే చూద్దామని పట్టుకున్నాను, వచ్చేసింది” అంది ఆవిడ, తప్పు చేసినదానిలా. అప్పట్నుంచి అదే అలవాటైంది. మెలికపడ్డ స్ప్రింగుల్ని డబ్బాలో పెట్టి ఇంట్లో వదిలి షాపుకు వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి సర్దినవి తీసుకునేవాడు. ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది, ఎలా చేస్తుంది అని అడిగిన పాపాన పోలేదు. అన్నం ఉడికినట్టే అవీ ఇంట్లో వాటంతటవే తయారవుతాయనుకున్నాడు కాబోలు. “మీ చెయ్యి బంగారమండీ” అని ఎవరైనా అంటే మాత్రం తల ఊపి ఊరుకునేవాడు.

షాపున్న భవనం పాతబడిపోయిందని కూల్చేస్తామన్నారు. ఆయన సామాను సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, మిగిలిన పనేదో హాయిగా కూర్చుని చేసుకోవాలని ఆశ. ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాను, ఇకనైనా సుఖపడాలి అనుకున్నాడు. వడ్రంగిని పిలిపించి, పొద్దున్నుంచి అతని బుర్ర తినేశాడు.

“వాచీ బల్లంటే అన్నం తినే బల్ల కాదయ్యా. కూర్చుంటే ఛాతీ దాకా రావాలి. పని కంటి దగ్గరికి రావాలిగానీ కన్ను పని దగ్గరికి వంగకూడదు.”

“వంగితే ఏమవుతుందండీ?”

“మెడ పోతుంది. ఇంకేమవుతుంది?”

మోచేతులు ఆనించుకోడానికి రెండు వైపులా మెత్తటి దిండ్లు కావాలన్నాడు. మరలు దొర్లిపోకుండా అంచుల వెంట సన్నటి పట్టీ, ఒకవేళ జారినా ఒళ్ళో పడేందుకు బల్ల కింద గుడ్డసంచి, ఎడమపక్కన వంచుకునే దీపం. వడ్రంగి టేపు తీసి, “మీ ఎత్తుకే కదా?” అన్నాడు.

“మరెవరి ఎత్తుకయ్యా?”

టీ గ్లాసులు తెచ్చిన భార్య ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడి విన్నది. “అంత ఎత్తుండాలా?” అని అడిగింది.

“ఉండాలి మరి. నీకు తెలీదులే” అన్నాడు ఆయన. ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బల్ల వచ్చింది. దాని ముందు కూర్చుంటే నడుము దానంతటదే నిటారుగా నిలబడింది. కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతూ రెండు వాచీలు విప్పి బిగించాడు. మూడోదానిలో స్ప్రింగు మెలికపడి ఉంది. మామూలుగానే డబ్బాలో పెట్టి, “ఇదిగో, ఇది కాస్త చూడు” అని కేకేశాడు. ఆవిడ వచ్చి తీసుకెళ్ళింది.

ఇదివరకైతే ఈపాటికి ఆయన షాపులో ఉండేవాడు. ఇప్పుడు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే నిలబడిపోయాడు.

పెరటి గుమ్మంలో, వెలుతురు పడేచోట ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ముందు ఒక గిన్నె బోర్లించి, దాని మీద తెల్లటి పళ్ళెం పెట్టుకుంది. మోచేతులు రెండూ మోకాళ్ళకు ఆనించి, గడ్డం గుండెకు తగిలేంతగా వంగి, ముఖం దాదాపు పళ్ళెంలో పెట్టేసింది. వెనకనుంచి చూస్తే మెడ దగ్గర ఎముక గూనిలా పైకి పొడుచుకొచ్చింది. అది ఆయన చూడనిదేం కాదు. రాత్రుళ్ళు ఆవిడ మెడ పట్టుకుని మూలుగుతుంటే, వయసు మీద పడుతోందిలే అని అటు తిరిగి పడుకున్నవాడే. ఇప్పుడు మంచినీళ్ళ సంగతి మర్చిపోయి దగ్గరికి వెళ్ళాడు.

“ఎప్పుడూ ఇలాగే చేస్తావా?”

“ఇంకెలా చేస్తారు?” అంది ఆవిడ తల ఎత్తకుండా.

మర్నాడే వడ్రంగికి మళ్ళీ కబురు వెళ్ళింది. బల్ల కాళ్ళు ఆవిడ ఎత్తుకు కోయమన్నాడు, పాదాలకు ఒక పీట చేయమన్నాడు. వడ్రంగి రంపం తీస్తూ, “ఏం మేస్త్రిగారూ, వారం తిరక్కుండా పొట్టివాళ్ళయిపోయారా?” అని నవ్వాడు.

“అయిపోయానయ్యా. నువ్వు కొయ్యి” అన్నాడు ఆయన.

పనయ్యాక భార్యను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. దీపం వంచాడు, దిండ్లు జరిపాడు, తన భూతద్దం తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇకనుంచి ఇది నీ బల్ల అన్నాడు. అలా అంటే జరిగినదంతా కాస్తయినా సరిపోతుందని ఆయన ఆశపడ్డాడు. ఆవిడ కాదనలేదు. ట్వీజర్ పట్టుకుని తల ఎత్తబోయింది. మెడ కొంతవరకే వచ్చి ఆగిపోయింది. ఆ వంపులోంచి బల్ల మీది పని ఆవిడకు కనిపించడం లేదు. మోకాళ్ళ ఆసరా అలవాటైన చేతులు దిండ్ల మీద కుదురుగా నిలవలేదు. ఆయన ముఖం చూసి మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ. స్ప్రింగు జారి గుడ్డసంచిలో పడింది.

“బల్ల చాలా బాగుందండీ. నా మెడే దీనికి సరిపోవట్లేదు.”

“నాలుగు రోజులు కూర్చుంటే అలవాటవుతుంది.”

“ఇది ఇక లేవదండీ. ఇలాగే బిగిసిపోయింది.”

ఆయన పక్కనే కూలబడ్డాడు. చేసిందంతా నేనే, నీ మెడ నేనే విరిచాను అన్నాడు. అంతటితో ఊరుకోలేకపోయాడు. “ఒక్కసారి నాతో అని ఉండాల్సింది, నాకూ ఒక బల్ల కావాలని. ఆ రోజే చేయించేవాణ్ణి.”

ఆవిడ ట్వీజర్ బల్ల మీద పెట్టేసింది.

“అడిగానండీ. మొదట్లోనే.”

“నేనేమన్నాను?”

“నీకు బల్లెందుకు, నువ్వేమన్నా మేస్త్రివా అన్నారు.”

ఎప్పుడన్నాడో, ఎక్కడన్నాడో ఆయనకు ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. అనలేదని మాత్రం అనుకోలేకపోయాడు. అది అచ్చంగా ఆయన మాటే. తల వంచుకుని కూర్చున్నాడు.

ఆవిడ సంచిలోంచి స్ప్రింగు తీసి డబ్బాలో వేసుకుని, కుర్చీ దిగి పెరటి గుమ్మం వైపు నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది.

“నవ్వుతూనే అన్నారు లెండి” అంది.