అతుకుల దగ్గర ఇంగ్లీషు మాటలు

నాకు సంతకం వరకే చదువు. అందుకే నోటితో చెప్తున్నాను, రాసేవాళ్లు రాసుకుంటున్నారు. నా తోడికోడలిని చూస్తే నాకు కడుపుమంట. దాచేదేముంది?

ఎమ్మిగనూరులో మాది ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. మా ఆయన పోయినాక నాకు మిగిలింది ఒక మగ్గం, ఒక కూతురు. ఆ పిల్ల బ్యాంకు పరీక్ష కోచింగుకని రోజూ బస్సులో ఆదోనికి పోతోంది. మామూలు ఇంగ్లీషు చాలదట, పెద్ద పెద్ద మాటలు రావాలట. సాయంత్రం బస్సు దిగి, మొహం కడుక్కుని, నేరుగా వాళ్ల చిన్నమ్మ గదిలోకే. తోడికోడలు పదో తరగతి పాసైన మనిషి. ఫోనులో చూసి ఆమె మాట అడుగుతుంది, పిల్ల అర్థం చెప్తుంది. తప్పు చెప్పిందంటే ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. ఇవతల నేను రాట్నం మీద కండెలు చుడుతూ వింటాను. నేను కన్న పిల్ల, నవ్వేది ఆమెతో. రాట్నం ఎంత గట్టిగా తిప్పినా ఆ నవ్వు మునగదు.

ఒకరోజు అననే అన్నాను. "ఆడనే పండుకో పో. నా దగ్గరేముందని వస్తావు?"

"ఏం మా, సిన్నమ్మ అడగల్ల, నేను సెప్పల్ల. నీకు సదవనీక రాదు, నువ్వెట్ల అడుగుతావు?"

ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంతలో మగ్గం మీద నూలు అయిపోవచ్చింది. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఎదురెదురుగా కూర్చుని ఒకరు పోగు అందిస్తే, ఇంకొకరు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెడతారు. మొదలుపెట్టిన జంట చివరిదాకా మారకూడదు. మా ఇళ్లలో అలవాటు.

"నేనందిస్తాలేక్కా, పాప సదువుకోనీ" అంటూ తోడికోడలు వచ్చింది.

"నా మగ్గానికి నా కూతురుంది" అని కూతురినే కూర్చోబెట్టాను.

మూతి ముడుచుకునే కూర్చుంది. పోగులు అందిస్తూనే ఇంగ్లీషు మాటలు అప్పజెప్పుకోవడం మొదలుపెట్టింది.

"మా, టీడియస్ అంటే సేసిందే సేసి, సేసిందే సేసి బేజారొచ్చే పని."

"అంటే ఇదేనా?" అని పోగులు చూపించాను.

నవ్వింది. అదే నవ్వు, ఈసారి నా ఎదురుగా.

"సిన్నమ్మకైతే సగం ముందే తెల్సుంటాది మా. నీకు అర్థమయ్యేటట్ల సెప్తే నాకింక మర్సిపోదు" అంది.

ఆ తర్వాత రిలక్టెంట్ అన్నది వచ్చింది. మనసు లేకపోయినా చేయడమట. ఒక్కసారికే అర్థమైంది, ఇందాక అది కూర్చున్న తీరే కదా!

"తెలీలే. ఇంగో తూరి సెప్పు" అన్నాను.

ఇంకో రకంగా చెప్పింది. తల అడ్డంగా ఊపాను.

గడపలో నిలబడిన తోడికోడలు ఊరుకుంటుందా? "అక్కా, నీకు ఎప్పుడో అర్థమయ్యింటాది. ఏం ఏసాలేస్తావబ్బా!"

"నీ పొయ్యి మీద ఏందో మాడతాంది, పోయి సూసుకోపో" అన్నాను.

పిల్ల ఇంకో పోగు అందించింది. ఇంకా సగం అతుకులు మిగిలే ఉన్నాయి. నా వేళ్లను కావాలనే నిదానం చేశాను.