కడగకూడని కుండ

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, కువైట్‌లో ఒక పోలండ్ వాళ్ల హోటల్లో, నా ముందు పెట్టిన చారులోంచి మా అమ్మ అంబలికుండ వాసన వచ్చింది. నేను వంటచేసే ఇంటి మామా, అంటే యజమానురాలి, కూతురు నూరా, నా చేతిమీద పెరిగిన పిల్ల, తనకు ఉద్యోగం వచ్చిందని నన్ను తీసుకుపోయింది. గోడలకు దుంగలు, దూలానికి ఎర్రగడ్డల జడలు, ఇంకా కొడవలి, జల్లెడ, చెక్క కవ్వం. పనిచేసి అరగాల్సిన సామాన్లను మేకులకు ఎందుకు తగిలించారో తెలీక, లేచి వెళ్లి కొడవలి అంచు తడిమాను. మొద్దు. చారు మాత్రం అసలుదే. గుండ్రటి రొట్టెను తొలిచి, అందులో పోసి, ఉడికిన గుడ్డు వేసిచ్చారు.

ఇది దేంతో పులిసిందో కనుక్కోమన్నాను. వంటామె వచ్చి చెబితే నూరా నాకు అరబ్బీలో చెప్పింది. వాళ్ల దేశపు రై అనే ధాన్యం పిండిని నీళ్లలో కలిపి నాలుగైదు రోజులు ఉంచుతారట. జాడీ కడుగుతారా అని అడిగాను. కడగరట. అడుగున కొంచెం మిగిల్చి దానిమీదే కొత్త పిండి కలుపుతారట.

మా రాయచోటి పక్క పల్లెలోనూ అంతే. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ ఏడు వాన వదలకుండా పడి, వేరుశనగ చేనులో మొక్కకంటే గడ్డి ఎత్తు పెరిగింది. మరుసటి రోజు కలుపుకు నలుగురు ఆడవాళ్లను పిలిచాం. పులిసిన రాగంబలి పోయకపోతే వాళ్లు ఇంకో చేనికి పోతారు, మా పంట గడ్డిలో కలుస్తుంది. అమ్మ మెచ్చుకుంటుందని నేను ఆ మధ్యాహ్నం కుండను బూడిదేసి, పీచుతో రుద్ది, మూడుసార్లు కడిగి ఎండలో బోర్లించాను. సాయంత్రం అమ్మ కుండలోకి చూసి కొట్టలేదు, కూలబడింది.

"ఎంత పని జేస్తివే పాపా. ఇంగ ఆయమ్మ గడప తొక్కాల్సిందే."

ఆయమ్మ అంటే పెద్దమ్మ. గట్టు తగాదాతో రెండేళ్లుగా మాటల్లేవు. కొంచెం పులిసిన అంబలి అడగడానికి గిన్నె పట్టుకుని నేనే పోయాను.

"మీయమ్మకు కాళ్లు లేవా?" అంది పెద్దమ్మ.

"అంబలికుండ నేనే కడిగినా పెద్దమ్మా. అమ్మకు తెలీకుండా."

ఆమె నా గిన్నె తీసుకోలేదు. పొద్దున అంబలి తనే చేనికి తెస్తానని చెప్పి పంపేసింది. అమ్మ నమ్మలేదు, రాత్రంతా కూర్చునే ఉంది. కానీ ఎండెక్కే వేళకు పెద్దమ్మ నెత్తిన కుండతో గట్టుమీద నడిచి వచ్చింది. కూలివాళ్లకంటే ముందు, తలెత్తని మా అమ్మ ముందు గిన్నె పెట్టింది.

"తాగు మేయ్. గొడవ మళ్లా పెట్టుకుందాం."

అమ్మ తాగింది. ఎర్రగడ్డ కొరికి ఇంకో గిన్నె అడిగింది.

ఇప్పుడు మా ఊళ్లో ఆ కుండ పెట్టే ఇల్లు లేదు. రాగిజావలో ఫ్రిజ్ పెరుగు కలిపి అంబలి అంటున్నారు. పెద్దమ్మ అంబలిలో ఏం వేసేదో, అంత చల్లగా ఎట్లుండేదో అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. ఇదంతా విని, ఆ రోజు చేనులో ఎవరెవరున్నారని నూరా అడిగింది. చెప్పాను: మా అమ్మ, పెద్దమ్మ, కలుపుకు వచ్చిన ఓబుళమ్మ, గంగులమ్మ, చిట్టెమ్మ, మాబున్ని, నేను.