ఆకాశాన్ని బురిడీ కొట్టించిన దుప్పట్లు

మా పెద్దకోడలు ఆసుపత్రి తెల్లదుప్పట్లు ఉతుకుతుంది. మా వరుసలో ఆరు డాబాలూ అతుక్కునే ఉంటాయి. ఆరింటి మీదా పరిచి ఆరేస్తుంది. ఆ తెలుపుకు కళ్లు చెదిరి ఒక కాకి దారి తప్పింది, ఇప్పటికీ తిరిగి రాలేదు.

పదకొండింటికల్లా అవి ఆరిపోతాయి, తీసేస్తుంది. ఆ తర్వాత కప్పు పెనంలా కాలుతుంది. మా ఆవిడది బలహీనమైన గుండె. మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి అన్నాడు డాక్టరు. రెండు వేసవులుగా ఆమెకు కునుకు లేదు.

బాగా వేడెక్కే వీధుల్లో డాబాలకు ఎండను తిప్పికొట్టే తెల్లటి చలువ సున్నం వేయిస్తామంది కార్పొరేషన్. ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి కృత్రిమ మేధ జాబితా రాసిందట. అందులో మాది అట్టడుగున ఉంది.

కోడలు కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఇంజినీరమ్మ ఫోటో పెద్దది చేసి చూపించింది. ఆరు తెల్లని చతురస్రాలు. సున్నం ముందే వేశారనుకుంది యంత్రం.

కోడలు కాసేపు తేరిపార చూసి, "ఇవి నా దుప్పట్లమ్మా. ఆ మూలదానికి మరక వదల్లేదు," అంది.

ఉపగ్రహం పదహారు రోజులకోసారి, పదిన్నరకు వస్తుందనీ, ఈసారి గురువారమనీ, ఆ పూట డాబాలు ఖాళీగా ఉంచమనీ చెప్పింది ఇంజినీరమ్మ. ఆసుపత్రికి మాత్రం సాయంత్రానికి దుప్పట్లు అందాలి.

గురువారం ఆరిళ్ల గదుల్లోనూ తాళ్లు కట్టి తడి దుప్పట్లు వేలాడదీసింది. ఫ్యాన్లు తిరుగుతుంటే గోడలు కరిగిపోయినట్టయింది. మనుషులు మబ్బుల్లో నడిచారు. పక్కింటాయన మా వంటగదిలో తేలి, తానెవరింట్లో ఉన్నాడో మమ్మల్నే అడిగాడు. పైన ఖాళీ డాబాలు నిప్పులు కక్కుతున్నాయి. కోడలు కిటికీ దగ్గర నిలబడి, మబ్బుతునక ఏదైనా అడ్డొస్తుందేమోనని ఆకాశం వైపే చూస్తోంది.

"నీ చుట్టం వచ్చాడా?" మంచం మీంచి అడిగింది మా ఆవిడ.

"దారిలో ఉన్నాడత్తయ్యా."

మబ్బు రాలేదు. కొత్త జాబితాలో మా వీధి మూడోది. నెల తిరక్కుండా సున్నం పడింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మా ఆవిడ గదిలో చప్పుడు లేదు. కోడలు పరుగున వచ్చి అత్తగారి ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"బతికే ఉన్నానే. పడుకోనీ," అంది మా ఆవిడ, కళ్లు తెరవకుండానే.

కోడలు అక్కడే చల్లటి గచ్చు మీద ఒరిగింది. ఆ సాయంత్రం ఆసుపత్రికి దుప్పట్లు ఆలస్యంగా వెళ్లాయి.